అమెరికాలో ఇంటి డీడ్ మార్పు: కౌంటీ ఆఫీసుకు మీరే వెళ్లాలా, పోస్టులో పంపాలా, అటార్నీకి (లాయరుకు) అప్పగించాలా?

ఇల్లు కొన్న రోజు డీడ్ రికార్డింగ్, అంటే ఇంటి హక్కు దస్తావేజుని ప్రభుత్వ రికార్డులో ఎక్కించడం, గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోరు. కొనుగోలు కాగితాలన్నీ చూసే టైటిల్ కంపెనీలో కూర్చుని చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి, తాళాలు తీసుకుని వచ్చేస్తాం. కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసు సంగతి వాళ్లే చూసుకుంటారు. అసలు ప్రశ్న కొన్నేళ్ల తర్వాత మొదలవుతుంది. అప్పట్లో భార్యకు భర్త ఉద్యోగ వీసా మీద వచ్చిన హెచ్4 వీసా, లోన్‌లో ఆదాయం చూపించే వీలు లేదు కాబట్టి ఇల్లు భర్త ఒక్కడి పేరున తీసుకుని ఉంటారు. ఇప్పుడు ఆవిడ పేరు కలపాలి. లేదంటే బతికుండగానే ఆస్తిని ఉంచే లివింగ్ ట్రస్ట్ రాయించుకున్నారు, ఇంటిని అందులోకి మార్చాలి. లేదంటే అన్నదమ్ములు కలిసి కొన్న ఇంట్లోంచి ఒకరు తప్పుకుంటున్నారు. ఈసారి పక్కన టైటిల్ కంపెనీ ఉండదు. కాగితం ఎవరు రాయాలి, సంతకం ఎవరి ముందు పెట్టాలి, కౌంటీకి ఎలా చేర్చాలి, అన్నీ మనమే తేల్చుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డీడ్‌ని కౌంటీకి ఏ దారిలో చేర్చినా పని అవుతుంది. కానీ అందులో తప్పుంటే ఎవరు పట్టుకుంటారన్నదే చూసుకోవాలి. కౌంటీ ఆఫీసు పట్టుకోదు. అందుకే రాయించడం దగ్గర ఖర్చుకు వెనకాడకండి, చేర్చడం దగ్గర మాత్రం ఎంత ఆదా చేసుకున్నా ఫరవాలేదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుతో పోల్చుకోకండి

మన ఊళ్లో రిజిస్ట్రేషన్ అంటే అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సాక్షులు సబ్ రిజిస్ట్రార్ ముందుకు రావాలి. ఫొటోలు, వేలిముద్రలు ఉంటాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అమ్మకం దస్తావేజు రిజిస్టర్ కాకపోతే హక్కు చేతికి రానట్టే. అమెరికాలో లెక్క వేరు. సాధారణంగా ఇచ్చేవాళ్లు డీడ్ మీద సంతకం పెట్టి పుచ్చుకునేవాళ్లకు అందజేస్తే వాళ్లిద్దరి మధ్య హక్కు మారిపోతుంది. రికార్డింగ్ అన్నది ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలియజేయడానికి.

అలాగని రికార్డ్ చేయించకుండా బీరువాలో పెట్టుకుంటే కుదరదు. అదే ఇంటిని మరొకరికి రాసిచ్చినా, అప్పులవాళ్లు ఇంటి మీద లియన్ (బాకీ కింద హక్కు) వేసినా, మీ డీడ్ రికార్డులో లేకపోతే వాళ్లదే పైచేయి కావచ్చు. నార్త్ కరోలినాలో ముందు ఎవరు రికార్డ్ చేయిస్తే వాళ్లదే హక్కు. టెక్సాస్‌లో పాత డీడ్ సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాళ్లకు రక్షణ ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆ రక్షణ కావాలంటే సంగతి తెలియకపోవడంతో పాటు ముందుగా రికార్డ్ చేయించుకుని కూడా ఉండాలి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా, సంతకం అయిన వారంలోపు రికార్డింగ్‌కి పంపేయండి.

ఇక కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. టెక్సాస్‌లో అది కౌంటీ క్లర్క్ ఆఫీసు, కాలిఫోర్నియాలో రికార్డర్, నార్త్ కరోలినాలో రిజిస్టర్ ఆఫ్ డీడ్స్, జార్జియాలో సుపీరియర్ కోర్ట్ క్లర్క్. కనెక్టికట్‌లో అయితే కౌంటీతో పనే లేదు, టౌన్ క్లర్క్ దగ్గరికి వెళ్లాలి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు కాగితం తిప్పి చూస్తారు. నోటరీ ముద్ర చదవడానికి వీలుగా ఉందా, ఇచ్చేవాళ్ల సంతకం ఉందా, పుచ్చుకునేవాళ్ల పోస్టల్ అడ్రసు ఉందా, జతపరచాల్సిన ఫారాలు ఉన్నాయా, పేజీల లెక్కకు ఫీజు సరిపోయిందా, ఇంతే. తర్వాత స్కాన్ చేసి, నంబరు, తేదీ, సమయం వేసి అసలు కాగితం మీకు తిరిగి ఇచ్చేస్తారు. లాట్ నంబరు 12 బదులు 21 అని రాసి ఉన్నా అలాగే ఎక్కించేస్తారు. అది చూడడం వాళ్ల పని కాదు, సలహా ఇవ్వడానికి వాళ్లకు అధికారం కూడా లేదు.

చేర్చడానికి మూడు దారులు

డీడ్ సరిగ్గా రాయించి, నోటరీ అయి మీ చేతిలో ఉంటే, ఇల్లున్న కౌంటీ దగ్గరలోనే ఉంటే, మీరే వెళ్లడం నాకు నచ్చిన పద్ధతి. ఏదైనా లోటుంటే అక్కడికక్కడే చెబుతారు, రికార్డ్ అయిన నంబరు అదే రోజు చేతికొస్తుంది. టెక్సాస్ కౌంటీల్లో ఫీజు మొదటి పేజీకి సుమారు 25 డాలర్లు, ఆపైన పేజీకి 4 డాలర్లు. ఫొటో ఐడీ తీసుకెళ్లండి, అడగవచ్చు. ఒక్కటి మాత్రం బయల్దేరే ముందే చూసుకోండి. మీ అడ్రసులో ఊరి పేరు ఉంటుంది, కౌంటీ పేరు ఉండదు. ఫ్రిస్కోలో కొన్ని ఇళ్లు కాలిన్ కౌంటీలో ఉంటే కొన్ని డెంటన్ కౌంటీలో ఉంటాయి. మొదటివాళ్లు మెకిన్నీ వైపు వెళ్లాలి, రెండోవాళ్లు డెంటన్ వైపు. కేటీ ఊరు హారిస్, ఫోర్ట్ బెండ్, వాలర్ అని మూడు కౌంటీల్లో పరుచుకుని ఉంది. ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూస్తే మీ కౌంటీ ఏదో తెలిసిపోతుంది. తప్పు కౌంటీలో రికార్డ్ అయిన డీడ్ మీ ఇంటి గురించి ఎవరికీ ఏమీ చెప్పదు.

పోస్టులో పంపడం చవకగా కనిపిస్తుంది కానీ నేను దాన్ని ఆఖరి దారిగానే చూస్తాను. ఫీజు తక్కువైతే మొత్తం వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చిందన్న సంగతి మీకు తెలిసేసరికి రోజులు, ఒక్కోసారి వారాలు గడుస్తాయి. అన్నాళ్లూ మీ డీడ్ రికార్డులో లేనట్టే. మీరు టెక్సాస్ వదిలి సియాటిల్ వెళ్లిపోయారు, డాలస్‌లో అద్దెకిచ్చిన ఇంటిని ట్రస్ట్‌లోకి మారుస్తున్నారు, ఇలాంటప్పుడు తప్పదనుకుంటే ట్రాకింగ్ ఉన్న పోస్టులోనే పంపండి. స్టాంపు అంటించి మీ అడ్రసు రాసిన తిరుగు కవరు లోపల పెట్టండి. డీడ్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

మూడోది ఈ-రికార్డింగ్. అసలు డీడ్‌ని స్కాన్ చేసి కౌంటీకి ఆన్‌లైన్‌లో పంపుతారు. లోటుంటే కారణం రాసి వెంటనే తిప్పి పంపుతారు, సరిచేసి మళ్లీ పంపవచ్చు. అసలు కాగితం చేయి దాటదు. వేగంలో, భద్రతలో దీనికి సాటి లేదు. అయితే చాలా రాష్ట్రాల్లో మామూలు ఇంటి ఓనరు నేరుగా కౌంటీ సిస్టమ్‌లోకి పంపలేరు. టెక్సాస్‌లో ఎవరు పంపవచ్చో చట్టమే చెబుతుంది: అటార్నీలు, బ్యాంకులు, టైటిల్ కంపెనీలు లాంటివాళ్లు. వాళ్లు సింప్లీఫైల్, సీఎస్‌సీ లాంటి సంస్థల ద్వారా పంపుతారు, కౌంటీ ఫీజు మీద కొద్ది డాలర్లు అదనంగా అవుతుంది. డీడ్ రాసిన అటార్నీయే ఈ పని కూడా చేసిపెడితే అంతకన్నా సుఖం లేదు. ఫీజు మాట్లాడుకునేటప్పుడే రికార్డింగ్ కూడా అందులో కలిసి ఉందా అని అడగండి.

జార్జియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. 2025 జనవరి నుంచి అక్కడ సొంతంగా డీడ్ రికార్డ్ చేయించుకునేవాళ్లు కాగితం పట్టుకుని కౌంటర్‌కు వెళ్లే పద్ధతి పోయింది. రాష్ట్ర పోర్టల్‌లో ఐడీ నిరూపించుకుని ఆన్‌లైన్‌లోనే పంపాలి. డీడ్ మోసాలు అరికట్టడానికి తెచ్చిన నిబంధన ఇది. బదిలీ పన్ను వివరాలు రాసే పీటీ-61 ఫారం కూడా కావాలి. డీడ్ మీద నోటరీతో పాటు మరొక సాక్షి సంతకం ఉండాలి. టెక్సాస్ నుంచి మారినవాళ్లు ఈ సాక్షి సంగతి మరిచిపోతుంటారు.

ఎవరు రాయాలి, ఏ డీడ్ రాయాలి

ఇంటర్నెట్‌లో దొరికే 30, 40 డాలర్ల ఫారం ఒక పక్క, కొన్ని వందల డాలర్లు తీసుకునే అటార్నీ మరో పక్క. ఇల్లు అనేది మన జీవితంలో పెద్ద ఆస్తి కాబట్టి నేను అటార్నీ వైపే మొగ్గుతాను. మనవాళ్లలో టాక్సులు చేసే ఆయనో, రియల్ ఎస్టేట్ పరిచయం ఉన్న ఆయనో తక్కువలో రాసిపెడతానంటే మొహమాటానికి ఒప్పుకోకండి. టెక్సాస్‌లో అయితే అటార్నీ కానివాళ్లు డబ్బు తీసుకుని డీడ్ రాయడాన్ని చట్టం సాధారణంగా ఒప్పుకోదు.

ఫారం నింపేవాళ్లు ఎక్కువగా తీసుకునేది క్విట్‌క్లెయిమ్. "నాకేమైనా హక్కు ఉంటే వదులుకుంటున్నాను" అని మాత్రమే చెప్పే డీడ్ ఇది. హక్కు ఉందని కూడా చెప్పదు. కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో కుటుంబం లోపలి మార్పులకు ఇది మామూలే. టెక్సాస్‌లో మాత్రం టైటిల్ కంపెనీలు దీన్ని చూస్తే మొహం చిట్లిస్తాయి. రేపు ఇల్లు అమ్మబోతే ఇదే అడ్డం పడవచ్చు. అక్కడ భార్యాభర్తల మధ్య, ట్రస్ట్‌లోకి మార్చడానికి స్పెషల్ వారంటీ డీడ్ (తమ చేతిలో ఉన్నంత కాలం హక్కుకు లోటు రాలేదని ఇచ్చేవాళ్లు హామీ ఇచ్చేది) గానీ, గిఫ్ట్ డీడ్ గానీ రాయించుకోవడం మేలు. ఇంకో లాభం కూడా ఉంది. మీరు కొన్నప్పుడు హక్కులో లోపాలకు రక్షణగా తీసుకున్న టైటిల్ ఇన్సూరెన్స్, వారంటీ ఉన్న డీడ్ ద్వారా మార్చినప్పుడు నిలబడే అవకాశం ఎక్కువ. సంతకానికి ముందు ఆ కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి.

భార్య పేరు కలపడం విషయంలో చాలామంది పొరపడే చోటు ఒకటుంది. పేరు చేరిస్తే చాలు, ఒకరికి ఏదైనా అయితే ఇల్లు తనంతట తానే రెండోవారికి వచ్చేస్తుందనుకుంటారు. న్యూజెర్సీలో, నార్త్ కరోలినాలో భార్యాభర్తలిద్దరి పేరున డీడ్ ఉంటే సాధారణంగా అలాగే వస్తుంది. టెక్సాస్‌లో రాదు. కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్లయ్యాక సంపాదించిన ఉమ్మడి ఆస్తి) మీద ఆ హక్కు కావాలంటే ఇద్దరూ సంతకం పెట్టిన సర్వైవర్‌షిప్ అగ్రిమెంట్ విడిగా ఉండాలి. కాలిఫోర్నియాలో 2001 జూలై నుంచి ఆ మాట డీడ్‌లోనే రాసుకునే వీలుంది, రాయకపోతే లేదు. ఫారం అమ్మే సైటు ఈ తేడా మీకు విప్పి చెప్పదు.

పిల్లల కోసం ఆలోచించేవాళ్లకు పేరు కలపడం కాకుండా ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్ (ఓనరు పోయాక ఇల్లు అందులో రాసినవాళ్లకు చెందే డీడ్) అనే దారి కూడా ఉంది. టెక్సాస్‌లో 2015 సెప్టెంబరు నుంచి, కాలిఫోర్నియాలో 2016 నుంచి ఉంది. బతికున్నంత కాలం ఇల్లు మీదే, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ట్రస్ట్ కన్నా చాలా చవక. అయితే ఇది సంతకం పెట్టి దాచుకుంటే చెల్లదు, ఓనరు బతికుండగానే రికార్డ్ కావాలి. కాలిఫోర్నియాలో నోటరీ అయిన 60 రోజుల్లోపు రికార్డ్ చేయించాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు కూడా ఉండాలి. ఒక్క ఇల్లు, ఎదిగిన పిల్లలు, గొడవలు లేని కుటుంబం అయితే ఇది చాలు. చిన్నపిల్లలు ఉంటే, రెండు రాష్ట్రాల్లో ఇళ్లుంటే, ట్రస్టే సరైనది. టెక్సాస్‌లో సొంతిల్లు ట్రస్ట్‌లోకి మార్చేవాళ్లు హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి ప్రాపర్టీ టాక్స్ తగ్గింపు) పోకుండా చూసుకోవాలి. ట్రస్ట్ పత్రంలో దానికి కావాల్సిన వాక్యాలు లేకపోతే ప్రాపర్టీ టాక్స్ ఒక్కసారిగా పెరుగుతుంది.

ఎవరు రాసినా సంతకానికి ముందు రెండు చోట్ల మీరే వేలు పెట్టి చదవండి. మొదటిది లీగల్ డిస్క్రిప్షన్. వీధి పేరు, ఇంటి నంబరు దానికి సరిపోవు. "లాట్ 12, బ్లాక్ సి, ఫలానా అడిషన్ ఫేజ్ 2, ఫలానా కౌంటీ మ్యాప్ రికార్డుల్లో ఫలానా వాల్యూమ్, ఫలానా పేజీ" అని ఉంటుంది. మన సర్వే నంబరు, హద్దులు ఎంత ముఖ్యమో ఇదీ అంతే. మీరు కొన్నప్పటి డీడ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. టాక్స్ బిల్లు మీద కుదించి రాసిన వివరాలు ఎక్కించకండి.

రెండోది మీ పేరు. ఈ దేశంలో డీడ్లు వెతికేది పేర్ల సూచికలోనే. ఇంటి పేరు ముందుకో వెనక్కో మారడం, పాస్‌పోర్టులో ఇంటి పేరు గడి ఖాళీగా ఉండడం, పౌరసత్వం తీసుకున్నప్పుడు పేరు కుదించుకోవడం, ఇవన్నీ మనవాళ్లలో ఉన్నవే. కొన్నప్పుడు ఒక పేరు, ఇప్పుడు ఇచ్చేటప్పుడు ఇంకో పేరు ఉంటే రికార్డులో గొలుసు తెగిపోతుంది. పాత డీడ్‌లో ఉన్న పేరును అలాగే రాసి, "ఈ పేరుతో ఆస్తి పొందిన ఫలానావారు" అన్న మాట కలపమని అటార్నీకి చెప్పండి. రికార్డ్ అయిపోయాక తప్పు బయటపడితే టెక్సాస్‌లో కరెక్షన్ ఇన్‌స్ట్రుమెంట్ అని ఉంది. అక్షరదోషం లాంటివైతే విషయం తెలిసినవాళ్లు సంతకం పెడితే చాలు. ఇల్లే మారిపోయేంత తప్పయితే మొదట సంతకం పెట్టినవాళ్లంతా, లేదా వాళ్ల వారసులు మళ్లీ సంతకం పెట్టాలి.

సంతకం పెట్టాల్సినవాళ్లు ఇండియాలో ఉంటే

మన కుటుంబాల్లో ఎక్కువ ఇబ్బంది ఇక్కడే వస్తుంది. మామూలుగా మూడు దారులు.

ఆన్‌లైన్ నోటరీ అన్నిటికన్నా సులువు. వర్జీనియా 2012లో మొదలుపెట్టింది, టెక్సాస్‌లో 2018 జూలై నుంచి ఉంది. నోటరీ తన రాష్ట్రంలో ఉంటే చాలు, సంతకం పెట్టేవాళ్లు గుంటూరులో ఉన్నా వీడియోలో పని అవుతుంది. చిక్కల్లా గుర్తింపు దగ్గరే. పాస్‌పోర్టు చూపించడంతో పాటు అమెరికా క్రెడిట్ రికార్డుల్లోంచి ప్రశ్నలు వస్తాయి: ఫలానా ఏడాది మీరు ఏ వీధిలో ఉన్నారు, కారు లోన్ ఏ బ్యాంకుది అని. సెలవులకు ఊరెళ్లిన మీ శ్రీమతి వీటికి చకచకా జవాబు చెప్పగలరు. మీ ఇంటి డీడ్‌లో పేరున్న మీ నాన్నగారికి సోషల్ సెక్యూరిటీ నంబరే ఉండకపోవచ్చు, అలాంటప్పుడు ఈ దారి సాధారణంగా మూసుకుపోతుంది.

అలాంటి పెద్దవాళ్లకు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్ నమ్మకమైన చోటు. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ముద్రకు 50 డాలర్లు. అమెరికా పౌరులే కానక్కర్లేదు, కాగితం అమెరికాలో వాడేదైతే చాలు. సంతకం అధికారి ముందే పెట్టాలి. ఇంట్లో ముందుగా పెట్టుకుని వెళితే పనికిరాదు, ఇది అమ్మానాన్నలకు ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఒకే సీటింగ్‌లో మూడు కాగితాలకు ముద్ర వేయిస్తే 150 డాలర్లు అవుతుంది కాబట్టి ఏవి నిజంగా కావాలో అటార్నీతో ముందే తేల్చుకోండి.

మూడోది ఊళ్లోని నోటరీ దగ్గర సంతకం పెట్టి, రాష్ట్రస్థాయి ధ్రువీకరణ తర్వాత విదేశాంగ శాఖ అపాస్టిల్ (విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ) తెచ్చుకోవడం. ఇండియా 2005 నుంచి హేగ్ అపాస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఇది చెల్లుతుంది. కాకినాడలోనో కర్నూలులోనో ఉండి హైదరాబాద్ ప్రయాణం చేయలేనివాళ్లకు పనికొస్తుంది. కాకపోతే మన నోటరీలు అలవాటుగా రబ్బరు స్టాంపు వేసి "అటెస్టెడ్" అంటారు. ఇక్కడి కౌంటీకి కావాల్సింది, ఫలానా వ్యక్తి నా ముందుకు వచ్చి సంతకం తనదేనని ఒప్పుకున్నారన్న వాక్యం. ఆ వాక్యాన్ని డీడ్ కిందనే టైపు చేయించి పంపండి, నోటరీ దాని కింద సంతకం పెట్టి ముద్ర వేస్తే సరి.

వీటన్నిటికన్నా మంచిది, విమానం ఎక్కే ముందే ఇక్కడ బ్యాంకులో నోటరీ ముందు సంతకం పెట్టేయడం. అది కుదరకపోతే ఆ ఇంటి వివరాలతో పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చి వెళ్లమనండి. దాన్ని కూడా అదే కౌంటీలో రికార్డ్ చేయించాలి.

పన్నులు, లోను

కాలిఫోర్నియాలో డీడ్‌తో పాటు ప్రిలిమినరీ చేంజ్ ఆఫ్ ఓనర్‌షిప్ రిపోర్ట్ జతచేయకపోతే 20 డాలర్లు అదనం. బదిలీ పన్ను కౌంటీకి వెయ్యి డాలర్ల విలువకు 1.10 డాలర్లు, కొన్ని ఊళ్లు పైన ఇంకొంత వేస్తాయి. భార్యాభర్తల మధ్య బహుమతిగా, లేదా సొంత ట్రస్ట్‌లోకి మారిస్తే సాధారణంగా ఈ పన్ను పడదు. ఎందుకు పడదో సెక్షన్ నంబరుతో డీడ్ మీదే రాయాలి. ఈ రెండు మార్పుల వల్ల, టాక్స్ విలువ ఏటా పెద్దగా పెరగకుండా ఆపే ప్రపొజిషన్ 13 కింద ఉన్న పాత టాక్స్ విలువ కూడా సాధారణంగా కదలదు. న్యూజెర్సీలో ఇచ్చేవాళ్ల ఆదాయపు పన్నుకు సంబంధించిన జీఐటీ/రెప్ ఫారం లేనిదే డీడ్ తీసుకోరు. టెక్సాస్‌లో బదిలీ పన్నే లేదు.

ఫెడరల్ గిఫ్ట్ టాక్స్ గురించి మాత్రం ఆగి ఆలోచించండి. భార్య గానీ భర్త గానీ అమెరికా పౌరులైతే వాళ్లకు ఎంత ఇచ్చినా పరిమితి లేదు. గ్రీన్ కార్డు, హెచ్1బీ, హెచ్4 మీద ఉంటే ఏటా పరిమితి ఉంది, 2025కి అది 190,000 డాలర్లు. ఇంటి విలువలో సగం అంతకు మించితే, ఇల్లు జాయింట్‌గా ఏ పద్ధతిలో రాసుకుంటున్నారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది కాబట్టి డీడ్ రాయించే ముందే సీపీఏతో (టాక్స్ అకౌంటెంటుతో) మాట్లాడండి.

లోన్ ఉన్న ఇంటిని భార్య పేరుకో, మీరు ఉంటున్న ఇంటిని మీ లివింగ్ ట్రస్ట్‌కో మార్చినంత మాత్రాన బ్యాంకు లోన్ మొత్తం ఒకేసారి కట్టమని అడగడానికి వీల్లేదు, 1982 నాటి గార్న్ సెయింట్ జర్మెయిన్ చట్టం అందుకు రక్షణ. అద్దె ఇంటిని సొంత కంపెనీ లాంటి ఎల్‌ఎల్‌సీలోకి మార్చేవాళ్లకు ఈ రక్షణ లేదు. ముందు బ్యాంకు నుంచి లిఖితపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. ఇంకొకటి, డీడ్‌లోంచి తప్పుకున్నంత మాత్రాన లోన్‌లోంచి తప్పుకున్నట్టు కాదు. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు ఈ రెండూ వేర్వేరుగా తెంచుకోవాలి.

రికార్డ్ అయ్యాక

కొన్ని వారాలకు ప్రభుత్వ కాగితంలా కనిపించే ఉత్తరం ఒకటి రావచ్చు. మీ పేరు, ఇంటి అడ్రసు, డీడ్ నంబరు, తేదీ అన్నీ సరిగ్గా ఉంటాయి, ఎందుకంటే అవి పబ్లిక్ రికార్డు. డీడ్ కాపీ కోసం 90, 100 డాలర్లు పంపమంటారు. పంపకండి. అది ప్రైవేటు కంపెనీల వ్యాపారం. సర్టిఫైడ్ కాపీ కావాలంటే కౌంటీలోనే కొద్ది డాలర్లకు దొరుకుతుంది. డీడ్ మీద సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్స్ నంబరు ఎక్కడా లేకుండా రికార్డింగ్‌కి ముందే కొట్టివేయించండి, ఒకసారి ఎక్కాక ఎవరైనా చూడవచ్చు.

కౌంటీ వెబ్‌సైట్‌లో మీ పేరుతో వెతికి, స్కాన్ అయిన పేజీలన్నీ వచ్చాయో లేదో చూడండి. చాలా కౌంటీలు ఫ్రాడ్ అలర్ట్ సేవ ఉచితంగా ఇస్తున్నాయి. మీ పేరున ఏ కాగితం రికార్డ్ అయినా ఈమెయిల్ వస్తుంది. మీ పేరు ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ, ఇంటి పేరు ముందు ఒకటి, వెనక ఒకటి, నమోదు చేసుకోండి. ఇంట్లో ఉండే ఓనరుకు హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఫోన్ చేసే పని మిగిలి ఉంటుంది: డీడ్ మీద కొత్తగా చేరిన పేరును, ట్రస్ట్ అయితే ట్రస్ట్ పేరును, పాలసీలో కలపమని చెప్పండి.